కామాగారి లోపం

ఆఫీసు, ఐదో అంతస్తు
మార్చి 4

పెద్దసార్‌కి నమస్కారం.

మీరు రిటైరై ఐదు నెలలు దాటింది. మీ గదిలోనే కూర్చుంటున్నాను కానీ మీ కుర్చీలో కాదు. అందులో కూర్చుంటే నా కాళ్ళు నేలకి ఆనడం లేదు. కంపెనీ లా డిపార్ట్‌మెంట్ హెడ్ కాళ్ళూపుకుంటూ కూర్చుంటే చూసేవాళ్ళకి బాగుండదని వేరేది తెప్పించుకున్నాను. మీ కుర్చీ కిటికీ పక్కకి జరిగింది. ప్రస్తుతం ఫైళ్ళు దాన్ని ఏలుతున్నాయి.

ఫోన్లో మీకు సగమే వినపడుతుందనీ, మిగతా సగం మీరే ఊహించుకుని జవాబు చెప్పేస్తారనీ మీ అమ్మాయి చెప్పింది. ఆఫీసు మెయిల్లో రాసే ప్రతి ముక్కా రేపు అవతలి లాయరు కోర్టులో పైకి చదువుతాడనుకుని రాయమని నాకు నేర్పింది మీరు. అందుకని ఇలా ఉత్తరం రాస్తున్నాను.

మన ఎనిమిదిమందికీ హెచ్.ఆర్. వాళ్ళు ఆరు నెలల నాయకత్వ శిక్షణ పెట్టించారు. నెలకి రెండు పూటలు. శిక్షకుడు మంచివాడే, మాటకారి. కంపెనీలో లాయరంటే అన్నిటికీ అడ్డుపుల్ల వేసేవాడన్న పేరు పోవాలట. "కుదరదు" అనేబదులు "ఇలా అయితే కుదురుతుంది" అనాలట. పాతికేళ్ళుగా మీరు చేసింది అదే కదా అనుకుని నవ్వుకున్నాను.

మొదటి రోజే ఆయన అందరికీ తలో కార్డు ఇచ్చి, మీలో మీరు దిద్దుకోవాల్సిన లోపం ఒకటి రాసి పైకి చదవండి అన్నాడు. మనవాళ్ళ సంగతి తెలుసుగా. ఒకడు "ఎక్కువ పని చేయడం" అని రాశాడు. ఒకమ్మాయి "మధ్యాహ్నం నిద్ర" అంది. అందరూ నవ్వుతున్నారు. అప్పుడు కామాగారు లేచారు.

కొత్తగా చేరిన పిల్లలకి ఆయన అసలు పేరే తెలియదు, కామాగారనే అంటారు. తప్పు చోట ఒక కామా పడిందని సంతకాలయ్యే ముందు ఒప్పందం ఆపించిన కథ తెలియనివాళ్ళు ఈ భవనంలో లేరు. ఆయన కార్డు చూసి నెమ్మదిగా చదివారు. "న్యాయ పరిజ్ఞానం అపారం. నాయకత్వ లక్షణాలు పెంపొందించుకోవలసి ఉంది." కింద తేదీ కూడా చదివారు. రెండేళ్ళ కిందట ఆయన అప్రైజల్లో మీరు రాసిన మాట, అక్షరం పొల్లుపోకుండా.

బయటికొచ్చాక చెప్పారు. "శనివారాలు ఇంకో క్లాసుకి కూడా వెళ్తున్నానండి, సభలో మాట్లాడటం నేర్పేది. అద్దం ముందు రోజూ పది నిమిషాలు సాధన చెయ్యమన్నారు. మా ఆవిడ నవ్వుతుంది. కానీ సార్ ఊరికే రాయరు కదా మేడమ్."

"మాస్టారూ, నన్ను మేడమ్ అనకండి. నాకు ఒప్పందం చదవడం నేర్పింది మీరు."

"ఆ మేడమ్ మీకు కాదు, ఆ కుర్చీకి. మీరు మధ్యలో కల్పించుకోకండి" అన్నారు.

యాభై ఏడేళ్ళ మనిషి సార్. అద్దం ముందు నిలబడి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం నిద్రపట్టని సంగతి ఒకటుంది. ఆయన్ని దాటి నన్ను హెడ్‌ని చేశారు. ఆయన ఒక్కనాడు మొహం ముడుచుకోలేదు. ఇప్పుడు డిప్యూటీ పోస్టు ఒకటి మంజూరైంది. ఆయన పేరు పంపిద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

మీ అమ్మడు

*

మా అమ్మాయి ఇల్లు, వెనక గది
మార్చి 15

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక్కడ నాకు చదవడానికి వేరే ఏమీ లేదు. బట్టలుతికే మిషను గ్యారంటీ కాగితం ఒకటి దొరికితే అందులో నాలుగు తప్పులు పట్టాను. మా అమ్మాయి ఆ కాగితాన్ని ఎక్కడో దాచేసింది.

కొత్తగా హెడ్ అయినప్పుడు అందరికీ అన్నీ సరిచేసెయ్యాలని ఉంటుంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు. ఎవరేం చెప్పినా ముందు పూర్తిగా విను. చదవని కాగితం మీద సంతకం పెట్టకు. ఎండీగారి గదిలోంచి బయటికి వచ్చాక నువ్వొక్కదానివే కాసేపు నడిచి, తర్వాత మీవాళ్ళ దగ్గరికి వెళ్ళు. మొహంలో ఉన్నది వాళ్ళకి అంటుకుంటుంది.

డిపార్ట్‌మెంట్లో ఇంకో అలవాటు పెట్టు. ఎవరు రాసిన కాగితమైనా, పెద్దా చిన్నా లేకుండా, ఇంకొకరు చదివాకే బయటికి వెళ్ళాలి. అందరికీ పెట్టు. కామాకి కూడా.

ఇక డిప్యూటీ సంగతి. కుర్రవాళ్ళలో ఎవరికైనా ఇవ్వు. ఆయన మీద కొత్త బరువులు పెట్టకు. ఆయన పద్ధతిలో ఆయన్ని పని చేసుకోనీ.

నీ పాత బాసు

*

ఆఫీసు, ఐదో అంతస్తు
ఏప్రిల్ 22

పెద్దసార్‌కి,

మీరు చెప్పిన అలవాటు పెట్టాను. కొంచెం ఆలస్యంగా పెట్టాను. ఆలోగా జరగాల్సింది జరిగిపోయింది.

మనం తయారుచేసే శీతల గదుల పలకలు మోసే లారీల కంపెనీ గుర్తుందిగా. పలకలు విరక్కుండా చేరడమే లేదని, వాళ్ళని మానిపించాలని ఎండీగారు నిర్ణయించారు. ఒప్పందం ప్రకారం గడువుకి తొంభై రోజుల ముందు "మాకు అక్కర్లేదు" అని నోటీసు ఇవ్వాలి, లేకపోతే దానంతటదే ఇంకో మూడేళ్ళు సాగుతుంది. నోటీసు పని కామాగారికి అప్పగించాను. రెండు రోజుల తర్వాత అడిగితే "వెళ్ళిపోయింది మేడమ్" అన్నారు. ఆయన అన్నాక మళ్ళీ అడిగేదేముంటుంది.

మొన్న లారీలవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తమ మీద నమ్మకం ఉంచి మరో మూడేళ్ళు కొనసాగిస్తున్నందుకు కృతజ్ఞతలట.

ఉత్తరం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "అదేమిటండీ, నా దగ్గర నకలు ఉంది, చూపిస్తాను" అని సొరుగు లాగారు. అందులో నోటీసు ఉంది. కవర్లో పెట్టి, అంటించి, చిరునామా రాసి ఉంది. దాని కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. మొత్తం నాలుగు. నాలుగిటి మీదా నాలుగు తేదీలు, నాలుగూ ఆయన సంతకంతోనే. వాటిని బల్ల మీద వరసగా పెట్టుకుని, ఎవరో పరాయివాళ్ళ ఉత్తరాలు తన ఇంటికి వచ్చినట్టు చూశారు.

"ఏదో ఒకటి వెళ్ళే ఉండాలి కదండీ" అన్నారు చివరికి.

ఎండీగారి దగ్గర తప్పు నాదేనని చెప్పాను. నేను సరిచూడాల్సింది, చూడలేదు అన్నాను. "మీరు హెడ్ అయ్యాక ఇది మొదటిది. ఆఖరిది కూడా ఇదే కావాలి" అన్నారాయన. మీరు చెప్పినట్టే బయటికొచ్చి మెట్ల మీద కాసేపు నడిచాను.

సార్, ఇది ఎందుకు జరిగిందో నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. జీవితమంతా ఒకచోట ధారపోసిన మనిషిని, నాయకత్వం లేదని ఒక్క వాక్యంతో పక్కన పెట్టారు. పైకి నవ్వుతున్నా లోపల విరిగిపోయారు. మనసు విరిగిన మనిషి చేతిలో పని అలాగే ఉంటుంది. మీమీద నాకున్న గౌరవం మీకు తెలుసు. అయినా చెప్తున్నాను, ఆయనకి మీరు అన్యాయం చేశారు. నాకు చేతనైనంత సరిదిద్దుతాను. డిప్యూటీకి ఆయన పేరే పంపాను. చెప్పగానే కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, "మా ఆవిడకి ఫోన్ చేసుకోవచ్చా మేడమ్" అని అడిగారు.

అమ్మడు

*

మా అమ్మాయి ఇల్లు
ఏప్రిల్ 29

అమ్మడూ,

ఆ సిఫార్సు వెనక్కి తీసుకో. ఇంకా పైవాళ్ళు సంతకం పెట్టి ఉండరు, టైముంది. కారణం అడగకు. పదిహేనేళ్ళలో కారణం చెప్పకుండా నేను నిన్ను ఏదీ చెయ్యమనలేదు. ఈ ఒక్కటీ చెయ్యి.

నోటీసు తప్పు నీ మీద వేసుకున్నావు. బాగుంది. కానీ ఇంకోసారి వేసుకోకు.

బాసు

*

ఇల్లు, వంటగది బల్ల
జూన్ 10

సార్,

మీ మాట వినలేదు. విని ఉంటే బాగుండేదని మీరు అనుకోవచ్చు. నేను ఇంకా ఏమీ అనుకోలేకపోతున్నాను.

గురువారం కూరగాయల దుకాణాలవాళ్ళతో చర్చలు. నలభై శీతల గదులు కావాలని వచ్చారు. అన్నీ తేలిపోయి ఒక్క షరతు దగ్గర ఆగింది. యంత్రం ఆగిపోయి లోపలి సరుకు కుళ్ళిపోతే ఆ నష్టం ఎవరిదని. యంత్రం బాగుచేసి ఇవ్వడం వరకే మా పూచీ అని మన వాదన. కాబోయే డిప్యూటీగా ఆ షరతు మీద కామాగారు మాట్లాడాలని ముందే అనుకున్నాం. వారం రోజులు సాధన చేశారు. కొత్త చొక్కా వేసుకుని వచ్చారు.

లేచి నిలబడ్డారు. సార్, నేను ఆయన్ని ఇన్నేళ్ళలో అంత బాగా మాట్లాడగా వినలేదు. గొంతు ఎక్కడా తడబడలేదు. అందరి కళ్ళల్లోకీ చూస్తూ మాట్లాడారు. "యంత్రాన్ని నమ్మి సరుకు లోపల పెట్టినవాడు ఏం తప్పు చేశాడండీ? దాని లోపలి సంగతి తయారుచేసినవాడికి తెలుస్తుంది. కొన్నవాడికి తెలిసేది తలుపు తియ్యడం, వెయ్యడం. నష్టం తయారుచేసినవాడిదే కావాలి, మొత్తం."

మొదట ఏదో ఎత్తుగడ అనుకున్నాను. ముందు వాళ్ళ మాట ఒప్పుకున్నట్టు ఒప్పుకుని తర్వాత తిప్పుతారేమో అని. తిప్పలేదు. పది నిమిషాలు అవతలివాళ్ళ తరఫున వాదించి, నీళ్ళు తాగి, కూర్చున్నారు. అవతలి లాయరు పెన్నుకి మూత పెట్టి, "మీవారి వాదనతో మేం పూర్తిగా ఏకీభవిస్తున్నాం" అన్నాడు. వాళ్ళవైపు ఎవరో కిసుక్కుమన్నారు. మన పిల్లలు తలలు దించుకున్నారు. టీ తాగి మళ్ళీ కూర్చుందాం అని నేను లేచాను.

వరండాలో ఆయన నా దగ్గరికి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"బాగా మాట్లాడానా మేడమ్?"

"బాగా మాట్లాడారు మాస్టారూ" అన్నాను. అబద్ధం కాదు కదా.

మర్నాడు బీరువాలోంచి పాత ఫైళ్ళు తీశాను. మీరు ఉన్న చివరి రెండేళ్ళలో ఆయన రాసినవన్నీ. ప్రతి చిత్తుప్రతి కిందా ఇంకొకటి ఉంది, మీ పెన్సిలు రాతతో. తప్పిపోయిన పేరాలు, రెండుసార్లు వచ్చిన షరతులు, తారుమారైన పేర్లు, అన్నీ మీరు దిద్ది, తిరిగి రాసి, ఆయన పేరుతోనే బయటికి పంపారు. ఒకటీ రెండూ కాదు, అరవై పైనే ఉన్నాయి.

మీకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసు?

నన్ను హెడ్‌ని చేసిన రోజు మీరు నా తల మీద చెయ్యి వేశారు. ఆ రోజు గురించి కూడా ఒకటి అడుగుదామనుకున్నాను. వద్దులెండి.

*

మా అమ్మాయి ఇల్లు
జూన్ 19

అమ్మడూ,

తెలుసు. మూడేళ్ళు కావస్తోంది.

ఒక సాయంత్రం ఇద్దరం లిఫ్టులో కిందికి దిగుతున్నాం. "మీ అమ్మాయి చదువు ఎంతవరకు వచ్చింది సార్?" అని అడిగాడు. మా అమ్మాయి పెళ్ళికి వచ్చి, రెండు రోజులుండి, వచ్చినవాళ్ళకి పడకలు కూడా తనే సర్దిన మనిషి. సరదాకి అన్నాడనుకుని నవ్వాను. నేనెందుకు నవ్వానో వాడికి అర్థం కాలేదు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఇద్దరం ఎవరిదారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

ఆ తర్వాత కనిపెట్టడం మొదలుపెట్టాను. పని ఎక్కువై అలసిపోయాడని నాకు నేను చెప్పుకున్నాను. కళ్ళజోడు మార్చుకోమన్నాను. సెలవు పెట్టమన్నాను. మిగతాదంతా నువ్వు బీరువాలో చూశావు.

ఆ ఏడాది అప్రైజల్ ఫారంలో ఒక గడి ఉంది. మీ తర్వాత ఈ పదవికి ఎవరిని సిఫార్సు చేస్తారు, ఇతన్ని కాకపోతే కారణం ఏమిటి. మూడు రోజులు ఆ ఫారం నా బల్ల మీదే ఉంది. వాణ్ణి పిలిచి, తలుపు వేసి, "కామా, నీకేదో అవుతోంది, డాక్టరు దగ్గరికి పద, నేనూ వస్తాను" అంటే సరిపోయేది. పావుగంట పని. నా వల్ల కాలేదు. తన తలకాయ ఒక్కటే ఆస్తిగా బతికినవాడితో నీ తలకాయ పాడవుతోందని ఎలా అనను?

అందుకని నాయకత్వ లక్షణాలు అని రాశాను. దాన్ని ఎవరూ కొలవలేరు, ఎవరూ రుజువు అడగరు. అబద్ధం రాసేటప్పుడు కూడా నేను లాయర్నే. రిటైరయ్యేదాకా ఎలాగోలా నేనే దిద్దుకుంటూ నెట్టుకొస్తే, తర్వాత వాడూ గౌరవంగా వెళ్ళిపోతాడనుకున్నాను. ఆ వాక్యాన్ని పట్టుకుని వాడు క్లాసులకి వెళ్తాడని కలలో కూడా అనుకోలేదు.

నువ్వు అడగబోయి ఆగిపోయింది ఏమిటో నాకు తెలుసు. చెప్పేస్తాను, ఇంక దాచి ఏం బావుకుంటాను. వాడు బాగుండి ఉంటే ఆ గడిలో వాడి పేరే రాసేవాణ్ణి. నువ్వు నా రెండో ఆలోచనవి. నువ్వు తక్కువదానివని కాదు. వాడు అంత ఎక్కువవాడు.

వాణ్ణి డాక్టరుకి చూపించు. చెల్లెమ్మతో, అదే వాళ్ళావిడతో, మాట్లాడు. ఒక్కటి మాత్రం అడుగుతాను. నాకు ముందే తెలుసన్న సంగతి వాడికి చెప్పకు.

*

ఆస్పత్రి, మూడో అంతస్తు వరండా
జూలై 14

సార్,

మీ ఉత్తరం అందాక నాలుగు రోజులు దాన్ని బ్యాగులో పెట్టుకుని తిరిగాను. రెండో ఆలోచన అన్న మాట దగ్గర కాసేపు ఏడ్చాను. ఆ సంగతి ఇంక వదిలేద్దాం.

కామాగారింటికి వెళ్ళాను. వాళ్ళావిడ, అక్కయ్యగారు, బళ్ళో లెక్కల టీచరు, సూటిగా మాట్లాడతారు. వంటింట్లో ప్రతి అలమర తలుపు మీదా చీటీలు అంటించి ఉన్నాయి, ఆవిడ రాతలో. గిన్నెలు, మందులు, గొడుగులు. నేను చీటీల వైపు చూశాను. ఆవిడ నా వైపు చూశారు.

"ఆఫీసులో కూడానా?" అన్నారు.

"అవునండీ."

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయారు. "ఇంట్లో ఇలా ఉంటున్నారు కానీ ఆఫీసులో బాగానే చేస్తున్నారనుకున్నాను. అక్కడ అందరూ లాయర్లు, తేడా ఉంటే పట్టుకోరా అనుకున్నాను. ఎవరూ ఏమీ అనకపోయేసరికి నాదే అనుమానమేమో అనుకున్నాను. మొన్న డిప్యూటీ కూడా అన్నారు. డిప్యూటీ ఇస్తున్నారంటే బాగున్నట్టే కదా అమ్మా."

మీరు దిద్ది దాచారు. నేను తప్పు నా మీద వేసుకుని దాచాను. మనం దాచింది ఆవిడకి ఆరోగ్యంలా కనిపించింది.

ఇవాళ డాక్టరు అన్ని పరీక్షలూ చూసి జబ్బు పేరు చెప్పాడు. కామాగారు చేతులు కట్టుకుని విన్నారు. తర్వాత, "ఇది ఎప్పటినుంచి అమల్లో ఉంది డాక్టర్? ముందస్తు నోటీసేమైనా ఇస్తుందా?" అని అడిగారు. డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు. రెండు మూడేళ్ళయి ఉంటుందన్నాడు. ముందే వచ్చి ఉంటే నయమైపోయేదని కాదు, కానీ తెలివి నిలకడగా ఉన్నప్పుడే తన సంగతులు తను చక్కబెట్టుకునే వీలుండేది అన్నాడు. అక్కయ్యగారు బయటికి వెళ్ళిపోయారు.

ఎండీగారికి నేనే వెళ్ళి అంతా చెప్పాను, నోటీసు సంగతితో సహా. సెలవు, వైద్యం కంపెనీ చూసుకుంటుందన్నారు. ఓపిక ఉన్న పూట వచ్చి పిల్లలకి పాఠం చెప్పమనండి అన్నారు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ వరండాలో బెంచీ మీద ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నారు. "రేపు శనివారం కదా, క్లాసుకి దింపుతారా మేడమ్?" అన్నారు. ఇంక క్లాసు ఎందుకు మాస్టారూ అన్నాను. "జబ్బు సంగతి వేరండీ. అది వచ్చి రెండేళ్ళయిందంటున్నారు. నాలో లోపం అంతకుముందుదే అయి ఉంటుంది. సార్ ఊరికే రాయరు" అన్నారు.

జబ్బుని ఆయన ఒప్పుకున్నారు. మీ వాక్యాన్ని కూడా అలాగే ఒప్పుకుని మోస్తున్నారు. జబ్బుని డాక్టరు కూడా తియ్యలేడు. ఆ వాక్యాన్ని మీరు తియ్యగలరు. మీరొక్కరే. నేను చెప్తే నమ్మరు, సార్ పొరపాటు పడ్డారేమో అని చెప్పి చూశాను.

రండి. చెప్తే అర్థమయ్యే రోజులు ఇంకా కొన్ని ఉన్నాయి.

*

మా అమ్మాయి ఇల్లు
ఆగస్టు 2

అమ్మడూ,

బయల్దేరదామని రెండుసార్లు సంచీ సర్దుకున్నాను. మోకాళ్ళ నొప్పులు. పైగా వినపడని మనిషిని ఒంటరిగా రైలెక్కించడానికి మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు. వచ్చే నెలలో అల్లుడికి సెలవు దొరుకుతుందేమో చూడాలి.

ఈలోగా చెప్పాల్సిందంతా వాడికి ఉత్తరంగా రాశాను. దీనితో పాటు ఇంకో కవరు పెడుతున్నాను. నువ్వు దగ్గర కూర్చుని చదివి వినిపించు. నీ నోటితో అయితే మెత్తగా ఉంటుంది.

బాసు

*

ఆఫీసు
ఆగస్టు 9

సార్,

మీ కవరు విప్పలేదు. తిరిగి పంపుతున్నాను.

మెత్తగా చెప్పాలనుకోబట్టే ఇంతవరకు వచ్చింది.

నిన్న ఆయన పిల్లలకి పాఠం చెప్పడానికి వచ్చారు. గంటసేపు ఎంతో బాగా చెప్పారు. తర్వాత ఇంటికి ఏ బస్సు ఎక్కాలో నన్ను అడిగారు.

*

మా అమ్మాయి ఇల్లు, వెనక గది
ఆగస్టు 27

అమ్మడూ,

వెళ్ళి వచ్చాను. ఒక్కణ్ణే వెళ్ళాను. అదే ఊళ్ళో రెండు రోజులుండి కూడా నిన్ను కలవకుండా తిరిగి వచ్చేశాను. మొహం చెల్లలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

చెల్లెమ్మ తలుపు తీసింది. రండి అన్నయ్యగారూ అంది, అంతే. వాడు కిటికీ దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూడగానే "సార్" అని లేచి నిలబడ్డాడు. గుర్తుపట్టాడు. ఆ పూట బాగున్నాడని చెల్లెమ్మ చెప్పింది. ఇంక ఆగితే మళ్ళీ ధైర్యం రాదని నిలబడే మొదలుపెట్టాను.

మొత్తం చెప్పాను. ఏదీ మెత్తగా చెప్పలేదు. షరతు వినేటప్పుడు తల పక్కకి వంచుతాడు చూడు, అలా విన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ అడిగాడు.

"ఆ ఫారం రాసేనాటికి నా ఆరోగ్యం గురించి మీకు అనుమానం ఉంది."

"ఉంది."

"నాకు చెప్పలేదు."

"చెప్పలేదు."

"మా ఆవిడకి?"

"చెప్పలేదు."

"అంటే నాయకత్వం అన్న మాటకి ఆధారం ఏమీ లేదు."

"ఏమీ లేదు కామా. ఆ గడిలో నీ పేరే ఉండాల్సింది."

పేపరు మడిచి పక్కన పెట్టాడు. "రెండేళ్ళు అద్దం ముందు నిలబడ్డానయ్యా" అన్నాడు. "ప్రతి శనివారం. పాతికేళ్ళ పిల్లలు నా చేతులు ఎలా పెట్టాలో, ఎటు చూడాలో చెప్తుంటే నేర్చుకున్నాను. నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే ఆ శనివారాలన్నీ దీనితో గడిపేవాణ్ణి." చెల్లెమ్మని చూపించాడు. "అప్పుడు నాకు అన్నీ గుర్తుండేవి."

ఇరవై ఆరేళ్ళలో వాడు నన్ను నువ్వు అనడం అదే మొదలు. క్షమించమని అడిగాను. "ఆలోచించుకోనీ" అని కళ్ళు మూసుకున్నాడు. చెల్లెమ్మ లోపలికి వెళ్ళి ఏడవడం నాకు వినపడలేదు కానీ, ఆవిడ బయటికి వచ్చాక తెలిసింది.

కాఫీ ఇచ్చింది. ముగ్గురం తాగాం. కప్పు కింద పెట్టి వాడు నా వైపు తిరిగి నవ్వాడు.

"ఎప్పుడొచ్చారు సార్? చెప్పకుండా వచ్చేశారే."

నామీద కోపం కూడా వాడి దగ్గర మిగల్లేదు. ఆలోచించుకుంటానన్న మనిషి ఆ ఆలోచనతో సహా వెళ్ళిపోయాడు. ఇంక నన్ను క్షమించేది ఎవరు? మళ్ళీ మొదట్నుంచి చెబుదామని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. చెల్లెమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఒకసారి చెప్పారు అన్నయ్యగారూ. అది ఆయన కోసం. రెండోసారి చెబితే అది మీ కోసం."

కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

తర్వాత వాడే మాటల్లోకి దిగాడు. వాడి లెక్కలో నేనింకా ఆఫీసుకి వెళ్తున్నాను. "మీరు రిటైరయ్యేది దగ్గర పడింది కదా సార్. ఆ ఫారం వచ్చిందా?" అని అడిగాడు.

"ఇంకా రాలేదు" అన్నాను.

"వస్తే నా పేరు రాయకండి. మొహమాటపడి రాస్తారేమోనని చెప్తున్నాను. ఆ అమ్మాయి పేరు రాయండి." నీ పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. "కొత్తవాడు తప్పు చేస్తే నేనేం చేస్తాను? వాణ్ణి తిట్టి, తప్పు దిద్దుతాను. ఆ పిల్ల తప్పు తన మీద వేసుకుని, తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. వాడు ఇంక ఆ తప్పు చెయ్యడు. నేను చూశాను. ఎనిమిదిమందికి ఎవరు కావాలో మీరే చెప్పండి."

నేను అడిగి చెప్పించింది కాదమ్మడూ. నీ పేరు కూడా నేను ఎత్తలేదు. చెల్లెమ్మ సాక్షి.

"రాస్తానులే" అన్నాను.

"ఎప్పుడు?"

"ఆఫీసుకి వెళ్ళగానే."

"మర్చిపోతారు సార్. ఇప్పుడే రాయండి" అని లేచి వెళ్ళి, చీటీలు చూసుకుంటూ మూడు అలమరలు వెతికి, కాగితం, పెన్ను తెచ్చి ఇచ్చాడు. వాడు చెప్తుంటే రాశాను. చదువుకుని, సరే అని, నా సంతకం కింద తనూ చేశాడు. తేదీ వెయ్యలేదేమని అడిగాడు. ఇవాళ ఎంత అన్నాను. వాడు చెప్పింది మూడేళ్ళ కిందటి తేదీ.

ఉద్యోగం మొత్తంలో ఏ కాగితం మీదా వెనకటి తేదీ వేసి ఎరగను. ఇది ఒక్కటే. నీకు చేరాల్సిన కాగితం కాబట్టి దీనితో జతచేస్తున్నాను.